మస్టాంగ్ ఎస్197 వెనక కంట్రోల్ ఆర్మ్‌లు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

2005 నుంచి 2014 మోడల్ వరకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌ను ఎస్197 అంటారు. అమెరికాలో ఉద్యోగం వచ్చాక మనవాళ్లు సరదా తీర్చుకోవడానికి సెకండ్ హ్యాండ్‌లో కొనే కార్లలో ఇదొకటి. కొన్న కొన్నాళ్లకే అవే సందేహాలు వస్తుంటాయి: ఏ కంట్రోల్ ఆర్మ్ (వెనక ఇరుసును బాడీకి పట్టి ఉంచే కడ్డీ) కొనాలి, శబ్దం వస్తుందా, ఇంట్లోనే బిగించుకోవచ్చా. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్తాను. ఈ కారులో ఆర్మ్ ఎంత లావుగా ఉందన్నది పెద్ద విషయం కాదు. అది ఏ కోణంలో ఉంది, దాని చివర్లలో ఏ బుష్ (బోల్టు చుట్టూ ఉండే తొడుగు) ఉంది అన్నవే కారు నడకను మారుస్తాయి.

## కొనే ముందు

వెనక మొత్తం ఎన్ని ఆర్మ్‌లు ఉంటాయి? ఏది ఏం పని చేస్తుంది?

ఎస్197 వెనక రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే గట్టి యాక్సిల్, అంటే ఇరుసు, ఉంటుంది. దాన్ని బాడీకి పట్టి ఉంచేవి నాలుగు. చెరోపక్క ఉండే రెండు కింది కంట్రోల్ ఆర్మ్‌లు చక్రాల తోపును బాడీకి అందిస్తాయి. మధ్యలో డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్ల పెట్టె) మీదుండే పొట్టి పై ఆర్మ్, యాక్సిల్ తన చుట్టూ తాను మెలితిరగకుండా ఆపుతుంది. నాలుగోది పాన్‌హార్డ్ రాడ్. యాక్సిల్ ఎడమకో కుడికో జరగకుండా అడ్డంగా పట్టుకునేది ఇదే. స్ప్రింగులు నేరుగా యాక్సిల్ మీదే కూర్చుంటాయి. 1979 నుంచి 2004 వరకు వచ్చిన గట్టి యాక్సిల్ మస్టాంగ్‌లలో స్ప్రింగులు కింది ఆర్మ్‌ల మీద ఉండేవి, వాటిని విప్పే పద్ధతే వేరు. ఆ పాత కార్ల వీడియోలు చూసి ఈ కారు మీద చేయి వేయకండి.

కంపెనీ ఆర్మ్‌లు అంత చెత్తవా? ఎందుకు మార్చమంటారు?

చెత్తవి కావు. అవి రేకును వంచి ఒకపక్క తెరిచి వదిలిన ఆర్మ్‌లు, చివర్లలో మెత్తటి రబ్బరు బుష్‌లు. రోడ్డు మీది అదురు, డిఫరెన్షియల్ పళ్ల కూత లోపలికి రాకూడదనే అలా చేశారు. ఒక చక్రం గుంతలో పడి యాక్సిల్ ఒరిగినప్పుడు ఆ రేకు కొద్దిగా మెలితిరిగి సర్దుకుంటుంది కూడా. కాకపోతే పట్టున్న టైర్లు వేసినప్పుడో, ఇంజిన్ బలం పెంచినప్పుడో ఆ మెత్తదనం వల్ల యాక్సిల్ ఉన్నచోట ఉండదు. 2005 జీటీ (మస్టాంగ్‌లో వీ8 ఇంజిన్ ఉన్న రకం) ఇంజిన్ 300 హార్స్‌పవర్, 2011లో వచ్చిన 5.0 లీటర్ ఇంజిన్ 412. అంత బలం పదేళ్లు దాటిన రబ్బరు మీద పడుతుంటే తేడా మామూలు డ్రైవింగ్‌లోనే తెలుస్తుంది. బుష్‌లకు పగుళ్లు వచ్చి ఉంటే ఆర్మ్‌లు మార్చడం సోకు కాదు, మరమ్మతే.

ఫస్ట్ గేర్‌లో గట్టిగా తొక్కితే వెనక గడగడా ఎగురుతోంది. ఆర్మ్‌లు మారిస్తే పోతుందా?

చాలావరకు తగ్గుతుంది. దీన్ని వీల్ హాప్ అంటారు. టైరు రోడ్డును పట్టుకోగానే యాక్సిల్ మెలితిరిగి బుష్‌లలోని రబ్బరును నొక్కుతుంది. నొక్కుడు పడ్డ రబ్బరు బంతిలా తిరిగి తంతుంది, టైరు పట్టు వదిలేస్తుంది. యాక్సిల్ మళ్లీ తన చోటికి వస్తుంది, టైరు మళ్లీ పట్టుకుంటుంది. ఇది ఒక్క సెకనులోనే ఎన్నోసార్లు జరుగుతుంది, మీకు వినిపించే గడగడ అదే. అది మొదలైతే వెంటనే కాలు తీసేయండి. అలాగే తొక్కి ఉంచితే యాక్సిల్ షాఫ్టులు, డిఫరెన్షియల్ పళ్లు, డ్రైవ్‌షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని వెనక్కి తెచ్చే పొడవాటి కడ్డీ) జాయింట్లు విరిగే ప్రమాదం ఉంది.

డబ్బు పెట్టేముందు రెండు చూడండి. షాకబ్జర్ల నుంచి నూనె కారుతోందా? టైర్లు ఎప్పటివి? టైరు పక్కన ముద్రించిన కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గట్టిపడిపోయిన పాత టైరుతో ఎంత మంచి ఆర్మ్ వేసినా హాప్ పూర్తిగా పోదు.

రోజూ ఆఫీసుకు వెళ్లే కారే. నాకు ఇవి అవసరమా?

కారు కంపెనీ ఎత్తులోనే ఉండి, హాప్ లేక, బుష్‌లు బాగుంటే అవసరం లేదు. ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి, మిగిలితే షాకబ్జర్ల మీద. నడకలో మీకు తెలిసే తేడా వాటివల్లే ఎక్కువ వస్తుంది.

ముందు కింది ఆర్మ్‌లు మార్చాలా, పై ఆర్మ్ మార్చాలా?

కింది ఆర్మ్‌లే ముందు. పని తేలిక, ఫలితం ఎక్కువ, లోపలికి వచ్చే శబ్దం తక్కువ. పై ఆర్మ్ బాడీకి తగిలేది సరిగ్గా వెనక సీటు కింద. అక్కడ రబ్బరు తీసి గట్టి బుష్ పెడితే డిఫరెన్షియల్ కూత నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది. రోడ్డు మీద నడిపే కారులో పై ఆర్మ్ మార్చడానికి నా లెక్కలో మూడే కారణాలు: దాని బుష్ చిరిగిపోయి ఉండటం, పొట్టి స్ప్రింగులతో కారు దించాక పినియన్ కోణం (డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి కలిసే డిఫరెన్షియల్ ముక్కు వాలు) సరిచేయాల్సి రావడం, కింది ఆర్మ్‌లు మార్చాక కూడా హాప్ మిగిలి ఉండటం. ఈ మూడూ లేకపోతే దాన్ని కదిలించకండి.

హైదరాబాద్‌లో మా అన్నయ్య దగ్గర మస్టాంగ్ ఉంది. ఇవే ఆర్మ్‌లు దానికి పడతాయా?

పడవు. ఫోర్డ్ ఇండియాలో 2016లో అధికారికంగా అమ్మడం మొదలుపెట్టిన మస్టాంగ్ జీటీ తర్వాతి తరం కారు. దాని వెనక గట్టి యాక్సిల్ లేదు, ప్రతి చక్రానికీ విడి సస్పెన్షన్ ఉంటుంది. ఆ కారులోనూ వీల్ హాప్ వస్తుంది, కానీ మందు వేరు. సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ను మోసే చట్రం) బుష్‌లు కదలకుండా చేయడం, డిఫరెన్షియల్ బుష్‌లు గట్టివి వేయడం, నిలువు లింకులు మార్చడం. పైగా మన దేశంలో బండిని తయారీ వివరాలకు భిన్నంగా మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలున్నాయి. పని మొదలుపెట్టే ముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోమనండి.

## ఏది ఎంచుకోవాలి

రబ్బరు, పాలీయురేథేన్, రాడ్ ఎండ్... ఏ బుష్ తీసుకోవాలి?

రబ్బరు మెత్తన, శబ్దం రాదు, గ్రీజు అడగదు, ఎటు వంచినా వంగుతుంది. పాలీయురేథేన్ గట్టిది. ముందుకూ వెనక్కూ యాక్సిల్‌ను బాగా పట్టి ఉంచుతుంది గానీ పక్కకు ఒరగడానికి ఒప్పుకోదు, గ్రీజు ఎండితే కీచుమంటుంది. రాడ్ ఎండ్ అంటే లోపల ఉక్కు గుండు తిరిగే జాయింటు. అన్ని వైపులా తేలిగ్గా తిరుగుతూనే తోపులో వెంట్రుకవాసి కూడా కదలదు. కానీ రోడ్డు చప్పుడంతా లోపలికి పంపుతుంది, దుమ్మూ నీళ్లూ చేరితే అరిగి టకటకమంటుంది.

వారాంతంలో కాస్త గట్టిగా నడిపే రోడ్డు కారుకు నా సలహా, బాడీ వైపు పాలీ, యాక్సిల్ వైపు గుండు జాయింటు ఉన్న కింది ఆర్మ్. పట్టు ఉంటుంది, స్వేచ్ఛ ఉంటుంది, శబ్దం భరించేలా ఉంటుంది. బీఎమ్ఆర్, స్టీడా లాంటి కంపెనీలు ఈ కారుకు రకరకాల జోడింపులు అమ్ముతున్నాయి. పేరు చూసి కాదు, ఏ చివర ఏ బుష్ ఉందో చదివి కొనండి.

రెండు చివర్లా గట్టి పాలీ ఉన్నవి చవగ్గా వస్తున్నాయి. తీసుకుంటే నష్టమేంటి?

నేరుగా లాంచ్ చేసే (నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా దూకించే) కారుకు పెద్ద నష్టం లేదు. మలుపుల్లో నడిపే కారుకు ఉంది. కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు యాక్సిల్‌కూ బాడీకీ మధ్య ఆర్మ్ మెలితిరగాలి. కంపెనీ రేకు ఆర్మ్ తానే మెలితిరుగుతుంది. నాలుగువైపులా మూసేసిన గొట్టం ఆర్మ్ మెలితిరగదు, గట్టి పాలీ ఒరగదు. అప్పుడు సస్పెన్షన్ బిగుసుకుపోయి, ఎవరూ అడగని ఇంకో యాంటీ రోల్ బార్ (కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) వెనక వేసినట్టవుతుంది. తడి రోడ్డు మీద మలుపు మధ్యలో గతుకు తగిలితే తోక ఒక్కసారిగా జారిపోవచ్చు. మలుపుల రోడ్లంటే ఇష్టపడేవాళ్లు కనీసం ఒక చివరైనా తిరిగే జాయింటు ఉన్నదే తీసుకోవాలని గట్టిగా చెప్తున్నాను.

అడ్జస్టబుల్ ఆర్మ్‌లు తప్పనిసరా?

కింది ఆర్మ్‌లకు సాధారణంగా అక్కర్లేదు. పొడవు మారని ఆర్మ్ అయితే రెండు పక్కలా ఒకే కొలత ఖాయం, పొడవును కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్ వదులవుతుందన్న భయం లేదు. పెద్ద టైరు వేసి చక్రాన్ని ఫెండర్ మధ్యకు తేవాలన్నా, వంకరగా ఉన్న యాక్సిల్‌ను తిన్నగా చేయాలన్నా అడ్జస్టబుల్ ఉపయోగం. పై ఆర్మ్ సంగతి వేరు. దాన్ని మారుస్తున్నారంటే అడ్జస్టబుల్‌దే కొనండి, పినియన్ కోణం సరిచేసేది దాని పొడవే.

స్ప్రింగులు మార్చి కారు దించాను. రీలొకేషన్ బ్రాకెట్లు కూడా వేయాలంటున్నారు. నిజమా?

నిజమే. దించిన కారుకు కొత్త ఆర్మ్‌ల కంటే ముందు అవే వేయమంటాను.

కారు దించినప్పుడు బాడీ కిందికి వస్తుంది, యాక్సిల్ మాత్రం చక్రాల ఎత్తులోనే ఉంటుంది. అంటే కింది ఆర్మ్ ముందు చివర బాడీతోపాటు దిగిపోతుంది, వెనక చివర ఉన్నచోటే ఉంటుంది. ఇప్పుడు అది ముందుకు వాలిపోయింది. ఆ కోణం ఎందుకు ముఖ్యమంటే, ముందు చివర ఎత్తులో ఉన్నప్పుడు చక్రాల తోపులో కొంత భాగం బాడీని పైకి నెడుతుంది, దానికి బదులుగా టైరు రోడ్డుకు అదుముకుంటుంది. దీన్నే యాంటీ స్క్వాట్ అంటారు. ఆర్మ్ ముందుకు వాలితే అది తగ్గిపోతుంది. తొక్కగానే కారు వెనక కూలబడుతుంది, టైరు పట్టు దొరకక తిరుగుతుంది. దించాక హాప్ ఎక్కువైందని చాలామంది బాధపడేది ఇందుకే. రీలొకేషన్ బ్రాకెట్ యాక్సిల్ వైపు బోల్టు రంధ్రాన్ని కిందికి తెచ్చి పోయిన కోణాన్ని తిరిగి ఇస్తుంది.

మలుపుల్లో దీనికి ఇంకో ముఖం ఉంది. ముందు చివర బాగా ఎత్తుగా ఉంటే, కారు ఒరిగినప్పుడు బయటి చక్రం కాస్త వెనక్కి, లోపలి చక్రం కాస్త ముందుకు జరుగుతాయి. యాక్సిల్ తనంతట తానే కొద్దిగా తిరిగి, తోక బయటికి జారే స్వభావం పెరుగుతుంది. కాబట్టి ఎంత ఎక్కువ కోణం ఉంటే అంత మంచిదని అనుకోవద్దు. పోయినంత తిరిగి తెచ్చుకుంటే చాలు.

బ్రాకెట్‌లో రెండు మూడు రంధ్రాలున్నాయి. దేంట్లో బిగించాలి?

కారు నేల మీద మామూలుగా నిలబడి ఉన్నప్పుడు, ఆర్మ్ దాదాపు సమంగానో, ముందు చివర కొంచెం ఎత్తుగానో వచ్చే రంధ్రం ఎంచుకోండి. రోడ్డుకూ, రోడ్ కోర్స్ (మలుపులుండే) ట్రాక్‌కూ అది సరిపోతుంది. ఎన్నిస్ దగ్గరి టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ లాంటి డ్రాగ్ స్ట్రిప్‌కు (నేరుగా పరిగెత్తే రేసు దారికి) మాత్రమే తీసుకెళ్లే కారైతే ఇంకో రంధ్రం కిందికి వెళ్లవచ్చు. అన్నిటికంటే కింది రంధ్రంతో ఇంటికీ ఆఫీసుకూ తిరగడం నాకు నచ్చదు. బ్రేకుల్లోనూ, వాన రోడ్డు మలుపుల్లోనూ కారు నమ్మకంగా ఉండదు.

బ్రాకెట్లు బోల్టులతో బిగిస్తే చాలా, వెల్డింగ్ చేయించాలా?

మామూలు బలమున్న రోడ్డు కారుకు బోల్టులు చాలు, కొన్ని వందల మైళ్లు తిరిగాక మళ్లీ టార్క్ (బోల్టు బిగువు) చూడాలంతే. సూపర్‌చార్జర్ ఉన్నా, డ్రాగ్ టైర్లతో లాంచ్ చేస్తున్నా వెల్డింగ్ చేయించండి. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు అక్కడే ఉంటాయి, బ్యాటరీ ముందే విప్పాలి. ఒకేచోట ఎక్కువ వేడి పెడితే యాక్సిల్ గొట్టం వంగుతుంది, అందుకే చిన్నచిన్న కుట్లుగా వెల్డ్ చేస్తూ చల్లారనివ్వాలి.

స్టీలా, క్రోమోలీనా, అల్యూమినియమా?

రోడ్డు కారుకు మంచి పెయింటు పూత ఉన్న స్టీలు గొట్టం చాలు. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) తేలిక, కానీ మీకు తెలిసేంత తేడా రాదు. అల్యూమినియం తుప్పు పట్టదు గానీ గట్టి దెబ్బ తగిలితే స్టీలులా వంగి ముందే చెప్పదు. న్యూజెర్సీ, మిషిగన్ వైపు చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడివాళ్లు ఏ లోహమన్నది కాక పూత ఎలా ఉందో, గుండు జాయింటుకు రబ్బరు తొడుగు ఉందో లేదో చూడాలి.

2008 కారు నుంచి తీసిన పై ఆర్మ్ దొరుకుతోంది. నా 2012 జీటీకి పడుతుందా?

నేరుగా పడదు. 2005–2010 కార్ల పై ఆర్మ్, దాని మౌంటు ఒక రకం. 2011–2014వి ఇంకో రకం. కొనేటప్పుడు మీ కారు సంవత్సరానికి తగిన ఆర్మ్, మౌంటు జతగా తీసుకోండి. కింది ఆర్మ్‌లు మాత్రం చాలా కంపెనీలు 2005 నుంచి 2014 వరకు ఒకటే ఇస్తాయి. అయినా పెట్టె మీద మీ సంవత్సరం ఉందో లేదో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ ఆర్మ్‌లు కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు వెల్డ్ కుట్లు చూడండి. ఎక్కడా గ్యాపు, సన్నని గీతలాంటి పగులు ఉండకూడదు. నేల మీద రెండూ పక్కపక్కన పెట్టి రంధ్రాల మధ్య దూరం కొలవండి, సమానంగా ఉండాలి. గుండు జాయింటును చేత్తో కదిపితే నున్నగా, బిగువుగా తిరగాలి. టక్కుమని ఆడితే ఆ జాయింటు పని అయిపోయినట్టే. పాలీ బుష్ అంచులు చిట్లి ఉంటే బుష్ కిట్ విడిగా దొరుకుతుందో లేదో కనుక్కుని బేరం చేయండి. ఏ కంపెనీదో చెప్పలేని, వెల్డ్ మీద మందంగా పెయింటు కొట్టిన ఆర్మ్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. గంటకు డెబ్బై మైళ్ల మీద మీ వెనక యాక్సిల్‌ను పట్టుకుని ఉండేది అదే.

## బిగించేటప్పుడు

అపార్ట్‌మెంట్ గ్యారేజ్‌లో ఒక్కణ్నే చేసుకోగలనా?

కింది ఆర్మ్‌లైతే చేసుకోవచ్చు. పానా పట్టిన అలవాటు ఉంటే ఒక పూట పని. పై ఆర్మ్‌కు ఇంకో మనిషి తోడుంటే మంచిది. అపార్ట్‌మెంట్ వాళ్లు పార్కింగ్‌లో రిపేర్లు ఒప్పుకుంటారో లేదో లీజు చూసుకోండి.

ఒక్క విషయం మాత్రం నా మాట వినండి. ఈ కారు వెనక చక్రాలతో నడుస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసినా, గేర్‌లో పెట్టినా, పార్క్‌లో పెట్టినా ఆపేది వెనక చక్రాలనే. వెనక భాగం గాల్లోకి లేపాక అవేవీ కారును ఆపవు. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుకట్టలు పెట్టాకే జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి వెళ్లొద్దు, జాక్ స్టాండ్లు తప్పనిసరి. ఒక్కరే చేస్తున్నప్పుడు ఇంట్లో ఎవరికైనా చెప్పి మొదలుపెట్టండి.

ఏ పనిముట్లు కావాలి?

మంచి ఫ్లోర్ జాకీ, రెండు జతల జాక్ స్టాండ్లు, పొడవాటి బ్రేకర్ బార్, మిల్లీమీటర్ సాకెట్లు, పెద్ద టార్కులు చూపే టార్క్ రెంచ్, రాచెట్ స్ట్రాప్, తుప్పు వదిలించే స్ప్రే. పై ఆర్మ్ కూడా అయితే డిజిటల్ యాంగిల్ గేజ్. టార్క్ రెంచ్ లేకపోతే కొత్తది కొనక్కర్లేదు, చాలా ఆటో పార్ట్స్ దుకాణాల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు.

రెండు కింది ఆర్మ్‌లూ ఒకేసారి విప్పేయవచ్చా?

వద్దు. ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పండి. రెండూ ఒకేసారి తీస్తే యాక్సిల్ ముందుకు తిరిగిపోతుంది, మళ్లీ రంధ్రాలు కలపడానికి పూట పడుతుంది. జాక్ స్టాండ్లు యాక్సిల్ గొట్టాల కింద పెడితే స్ప్రింగుల మీద కారు బరువు అలాగే ఉంటుంది, ఆర్మ్ దాదాపు తన మామూలు కోణంలోనే బయటికి వస్తుంది. బోల్టు దూరకపోతే సుత్తితో కొట్టకండి. డిఫరెన్షియల్ ముక్కు కింద ఇంకో జాకీ పెట్టి కొద్దికొద్దిగా పైకీ కిందికీ కదిపితే, లేదా రాచెట్ స్ట్రాప్‌తో యాక్సిల్‌ను కాస్త లాగితే రంధ్రాలు కలుస్తాయి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ అడ్డొస్తే దాని క్లిప్ విప్పి పక్కన పెట్టండి, తిరిగి పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.

కారు గాల్లో ఉండగా బోల్టులు పూర్తిగా బిగించొద్దంటారు. ఎందుకు?

రబ్బరు బుష్ లోపల ఉక్కు గొట్టం రబ్బరుకు అంటుకుని ఉంటుంది. బోల్టు బిగించగానే ఆ గొట్టం బ్రాకెట్‌కు పట్టేస్తుంది, అప్పటి నుంచి కదలికంతా రబ్బరు మెలితిరగడం వల్లే జరగాలి. యాక్సిల్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు దించగానే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది, కారు కూడా కాస్త ఎత్తుగా నిలబడుతుంది. అందుకే బరువు చక్రాల మీదో యాక్సిల్ కింది స్టాండ్ల మీదో ఉన్నప్పుడే చివరి టార్క్ ఇవ్వాలి. పాలీ బుష్ గొట్టం చుట్టూ తిరుగుతుంది కాబట్టి దానికి ఇంత పట్టింపు లేదు, కానీ అలవాటు ఒకటే ఉంచుకోవడం మంచిది. ఎంత టార్క్ అన్నది మీ సంవత్సరం వర్క్‌షాప్ మాన్యువల్‌లోనో ఆర్మ్ తయారీదారు కాగితంలోనో చూసి ఇవ్వండి, అందాజుగా వద్దు.

పై ఆర్మ్ మార్చడం ఎంత కష్టం?

కింది ఆర్మ్‌ల కంటే చాలా కష్టం. చోటు ఇరుకు, మౌంటు బోల్టుల కోసం వెనక సీటు కుషన్ తీయాలి. పై ఆర్మ్ విప్పగానే డిఫరెన్షియల్ ముక్కు తిరగకుండా ఆపేది ఏదీ ఉండదు, కాబట్టి విప్పకముందే ముక్కు కింద జాకీ ఆనించి పెట్టండి. డిఫరెన్షియల్ వైపు బుష్ ఆర్మ్‌లో కాదు, హౌసింగ్‌లోనే ప్రెస్ చేసి ఉంటుంది. అదీ మార్చాలంటే దాన్ని తీసే పనిముట్టు కావాలి. దీన్ని మెకానిక్‌కు ఇస్తే నామోషీ ఏమీ లేదు.

బోల్టు తుప్పు పట్టి కదలడం లేదు. ఏం చేయాలి?

ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. బోల్టు బుష్ లోపలి గొట్టానికి పట్టేసి ఉంటే, నట్టు వదులైనా బోల్టు గుండ్రంగా తిరుగుతుందే తప్ప బయటికి రాదు. బుష్ ఎలాగూ పోయేదే కాబట్టి రంపపు బ్లేడుతో గొట్టం పక్కన కోసి తీయడం తేలిక. పెట్రోలు ట్యాంకు దగ్గర మంట మాత్రం వాడొద్దు. తుప్పు ఎక్కువగా పట్టే రాష్ట్రాల్లో ఉంటే కొత్త బోల్టులు ముందే తెప్పించి పెట్టుకోండి.

పినియన్ కోణం ఎంత పెట్టాలి?

డ్రైవ్‌షాఫ్ట్‌తో పోలిస్తే పినియన్ ముక్కు ఒకటి నుంచి రెండు డిగ్రీలు కిందికి చూసేలా పెట్టడం మామూలు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ముక్కు పైకి లేస్తుంది, అప్పుడు రెండూ దాదాపు ఒకే గీతలోకి వస్తాయి. బుష్‌లు మెత్తగా ఉంటే ముక్కు ఎక్కువ లేస్తుంది, కాబట్టి రెండు వైపుకు. గట్టివైతే ఒకటి వైపుకు. కొలత ఎప్పుడూ బరువు చక్రాల మీద ఉన్నప్పుడే తీయాలి. కంపెనీ రెండు ముక్కల డ్రైవ్‌షాఫ్ట్ తీసేసి ఒకే ముక్కది వేసినవాళ్లు ఈ పని వదిలేయకూడదు. సరిచేశాక లాక్ నట్లు బిగించి, మరలు రాడ్ ఎండ్ లోపలికి తగినంత దూరి ఉన్నాయో లేదో చూడండి. మర వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపల ఉండాలి.

## బిగించాక

ఎలైన్‌మెంట్ చేయించాలా?

చేయించండి. గట్టి యాక్సిల్ కాబట్టి వెనక క్యాంబర్ (చక్రం నిలువు వాలు), టో (చక్రం ముందుకు చూసే దిశ) సరిచేసేవి కావు. చూడాల్సింది థ్రస్ట్ యాంగిల్, అంటే యాక్సిల్ కారుకు తిన్నగా ఉందా లేదా. స్టీరింగ్ వీల్ పక్కకు తిరిగి ఉంటేనే కారు నేరుగా పోతుందంటే, అడ్జస్టబుల్ ఆర్మ్‌ల పొడవు రెండు పక్కలా తేడాగా ఉందేమో చూడండి. కారు దించి ఉంటే యాక్సిల్ ఒక పక్కకు జరిగి ఉంటుంది, దాన్ని మధ్యకు తేవడానికి అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్ కావాలి.

స్పీడ్ బ్రేకర్ దాటితే కీచుమంటోంది.

పాలీ బుష్‌లో గ్రీజు ఎండిపోయింది. గ్రీజు నిపుల్ ఉంటే గన్‌తో ఎక్కించండి, లేకపోతే బోల్టు విప్పి రాయాలి. బుష్ తయారీదారు చెప్పిన జిగట సిలికాన్ గ్రీజు వాడండి, అది వానకు కొట్టుకుపోదు.

నలభై యాభై మైళ్ల దగ్గర వెనక నుంచి సన్నగా కూత వస్తోంది. డిఫరెన్షియల్ పాడైందా?

పై ఆర్మ్‌కు గట్టి బుష్ వేసిన తర్వాతే మొదలైతే చాలావరకు కాదు. ముందు నుంచీ ఉన్న పళ్ల శబ్దాన్ని రబ్బరు మింగేసేది, ఇప్పుడు వినిపిస్తోంది. భరించలేకపోతే బాడీ వైపు మళ్లీ రబ్బరు బుష్ ఉన్న పై ఆర్మ్ వేయడమే దారి. పై ఆర్మ్ ముట్టుకోకుండానే కూత వచ్చినా, రోజురోజుకూ పెరుగుతున్నా డిఫరెన్షియల్ నూనె, బేరింగులు చూపించండి.

అరవై దాటాక కారంతా వణుకుతోంది.

చక్రాల బ్యాలెన్స్ సరిగా ఉంటే, అనుమానం పినియన్ కోణం మీదే. యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నప్పుడు ఎక్కువై, తీస్తే తగ్గుతోందా? లేక తీసినప్పుడే ఎక్కువవుతోందా? ఇది రాసి పెట్టుకోండి, కోణం ఎటు మార్చాలో అదే చెప్తుంది. తర్వాత ఒకసారికి అర డిగ్రీ చొప్పున మార్చి చూడండి.

గట్టిగా బ్రేక్ వేస్తే వెనక ఎగురుతోంది. ఇది మునుపు లేదు.

రీలొకేషన్ బ్రాకెట్‌లో మరీ కింది రంధ్రం వాడారేమో చూడండి. లాంచ్‌లో టైరును రోడ్డుకు అదిమే కోణమే బ్రేకుల్లో దాన్ని రోడ్డు మీద నుంచి ఎత్తుతుంది. ఒక రంధ్రం పైకి మార్చండి. చాలా కార్లలో అది అక్కడితోనే పోతుంది. ఇంకా ఉంటే షాకబ్జర్లు అరిగాయేమో చూడండి.

ఆటోక్రాస్‌కు (కోన్ల మధ్య గడియారంతో పోటీపడి నడిపే ఆట) వెళ్తుంటాను. క్లాసు మారుతుందా?

ఎస్‌సీసీఏ (ఈ పోటీలు నడిపే అమెరికా క్లబ్) స్ట్రీట్ విభాగంలో బయటి కంపెనీ కంట్రోల్ ఆర్మ్‌లు ఒప్పుకోరు, ఎక్కువ మార్పులు ఉన్న కార్లతో పోటీ పడాల్సి వస్తుంది. సరదాకు పోయేవాళ్లకు ఫర్వాలేదు. గెలవాలని పోయేవాళ్లు ఆ ఏడాది రూలు పుస్తకం చదివాకే కొనండి.

ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

బిగించిన కొన్ని వందల మైళ్లకు ఒకసారి బోల్టులన్నిటికీ టార్క్ చూడండి. ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ లాక్ నట్లు, గుండు జాయింట్ల ఆట, వెల్డ్ కుట్లు టార్చి వేసి చూస్తే చాలు. లాక్ నట్టు మీద పెయింటు గీత ఒకటి గీసి పెట్టుకుంటే అది కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది. ఉప్పు చల్లే ఊళ్లలో చలికాలం పోగానే కింద నీళ్లతో బాగా కడిగి, పూత లేచిన చోట పెయింటు వేయండి.

తీసిన కంపెనీ ఆర్మ్‌లు పారేయవచ్చా?

ఉంచుకోండి. కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు కొందరు కంపెనీ స్థితిలోనే కావాలంటారు, అప్పుడు మీ కొత్త ఆర్మ్‌లు విడిగా అమ్ముకోవచ్చు. గుండు జాయింటు అరిగి కొత్తది వచ్చేదాకా కారు నడవాలన్నా అవే ఆదుకుంటాయి. బోల్టులను కూడా ఏది ఏ పక్కదో రాసి సంచిలో కట్టి ఆర్మ్‌కే వేలాడదీయండి.